ఇంకో చుక్క నీలం

తెలుపు.

కట్టు విప్పగానే ముందు కనిపించింది తెలుపు. కడిగిన పింగాణీ మీద పొద్దుటి ఎండ పడినట్టు... కళ్ళు చెదిరే తెలుపు.

పెయింటరమ్మ ఊపిరి బిగబట్టింది.

గోడా అది? మబ్బా?

మెల్లగా చెయ్యి చాపి, చూపుడువేలితో తాకింది. మెత్తగా తగిలింది.

“అమ్మా, అది నా కోటు,” అంది నర్సు.

“తడి ఆరిందో లేదో చూస్తున్నానమ్మా,” అంది పెయింటరమ్మ, ఏమాత్రం తడుముకోకుండా.

అలవాటు మరి. కొత్త గోడ కనిపిస్తే వేలు పెట్టి చూడందే ఆమెకి తోచదు.

ఆపరేషన్ ఎడమ కన్నుకే అయింది. పొర తీసి, లోపల కొత్త అద్దం పెట్టారు. కుడి కన్ను వంతు ఇంకా రాలేదు. తీసిన పొర ఎంతుంటుందని అడిగితే, శనగబద్దంత ఉంటుందని చెప్పింది డాక్టరమ్మ.

శనగబద్దంత!

ఇన్నేళ్ళ లోకమంతా ఆ బద్దలోంచే వచ్చిందన్నమాట. పెళ్ళి అందులోంచే. బిడ్డ అందులోంచే. ఎన్ని వానలు, ఎన్ని ఎండలు, ఎన్నెన్ని గోడలు... అన్నీ ఆ బద్దలో దూరి వచ్చినవే. తలుచుకుంటే నవ్వొచ్చింది. కొంచెం భయం కూడా వేసింది.

సరే, ఆసుపత్రిలో అన్నీ బాగానే ఉన్నాయి. చిక్కంతా ఇంటి ముందు మొదలైంది.

బండి దిగింది. నల్లద్దాలు నుదుటి మీదకి తోసి చూసింది.

“ఎవరింటికి తెచ్చావే నన్ను?”

“మనిల్లే అమ్మా,” అంది వెంట ఉన్న కూతురు.

“మనిల్లు తెలుపు కదే!”

కూతురు సంచీ సర్దుకుంది. కొంగు సర్దుకుంది. ఇక సర్దుకోవడానికి ఏమీ మిగల్లేదు.

“అమ్మా... మనిల్లు నీలం. ఎప్పట్నుంచో నీలమే.”

“మరి చెప్పి చావవేం?”

“మీరిద్దరూ దాన్ని తెలుపంటారుగా! పెయింటర్ల భాషలో దాన్నే తెలుపంటారేమో అనుకున్నా.”

పెయింటరమ్మ కొత్త కన్ను మూసింది. తెల్లటి ఇల్లు. తెల్లటి వసారా. హాయిగా ఉంది.

పాత కన్ను మూసింది. నీలం! వాన వెలిసిన ఆకాశం ముక్కొకటి కిందికి జారి, కిటికీలూ తలుపులూ పెట్టుకుని కూర్చున్నట్టు...

మూసింది. తెరిచింది. మూసింది.

తెలుపు. నీలం. తెలుపు.

ఇల్లు కదల్లేదు. ఆమె కదల్లేదు. మధ్యలో రంగొక్కటే ఊయల ఊగింది.

*

వాళ్ళ సంగతి కొంచెం చెప్పాలి.

ఆయన పెయింటరయ్య. ఆమె పెయింటరమ్మ. అసలు పేర్లు వాళ్ళకే గుర్తుండాలి. ఆ వీధిలో ఏ గోడకి చెయ్యి ఆనించినా, ఆ గోడ వాళ్ళ చేతికి ముందే తెలుసు. ఆయన రంగు కలుపుతాడు. ఆమె చూస్తుంది. ఎలా చూస్తుందంటే – బకెట్లో కర్ర ముంచి, ఆ కర్ర కొనని ఎడమ బొటనవేలి గోరు మీద ఆనిస్తుంది. గుమ్మంలోకి వెళ్ళి, గోరుని పగటి వెలుగుకి ఎత్తి పడుతుంది.

“చాలా?” అంటాడు ఆయన.

“ఇంకో చుక్క,” అంటుంది ఆమె.

తెల్ల రంగులో నీలం చుక్క వేస్తేనే తెలుపు తెలుపవుతుంది. అది పని తెలిసిన ఎవరైనా చేసేదే. డబ్బాలో ఉన్న తెలుపు వట్టి తెలుపు. చుక్క పడితేనే అది మెరుస్తుంది.

ఆయనా వచ్చి గోరు చూస్తాడు. తల పంకిస్తాడు.

“తెలుపేగా?”

“తెలుపే.”

“తెలుపే!”

అంతే. వాళ్ళిద్దరి కాపురం ఆ మూడు మాటల మీద నడిచింది. అత్తల మీద పోట్లాడుకున్నారు, ఉప్పు మీద పోట్లాడుకున్నారు, గురక మీద ఇప్పటికీ పోట్లాడుకుంటారు. రంగు మీద మాత్రం – ఊహూఁ. ఒక్కనాడూ లేదు.

ఎందుకుంటుంది? ఒకే ఎండ. ఒకే దుమ్ము. ఒకే వయసు. వయసుతో పాటు కంటిలోకి పసుపు దిగుతుంది. వెన్నెల్లో మబ్బు దిగినట్టు, చప్పుడు లేకుండా. ఆయన కంట్లోకీ దిగింది, ఆమె కంట్లోకీ దిగింది, చెయ్యీ చెయ్యీ పట్టుకుని దిగింది. గోడ పసుపుగా కనిపిస్తే ఇంకో చుక్క నీలం. ఇంకా పసుపుంటే ఇంకో చుక్క. “తెలుపేగా?” “తెలుపే.”

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. పక్కన ఇంకో పచ్చకామెర్లవాడు కూర్చుని “అవునవును, పచ్చే” అంటే – ఇక వాళ్ళకి చెప్పేదెవరు?

*

మర్నాడు వీధి చూడ్డానికి బయల్దేరింది పెయింటరమ్మ.

ఎడమ కన్నుతో ఒకసారి. కుడి కన్నుతో ఒకసారి. ఇంటింటి ముందూ ఆగి, ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి...

కిరాణా కొట్టాయన చూశాడు. ఆమె అతని గోడ చూస్తూ కన్ను మూసింది. అతను అటూ ఇటూ చూశాడు. వెనకెవరూ లేరు. ఆమె మళ్ళీ మూసింది. పాపం, ఆ వయసులో అతనికి చెమటలు పట్టాయి. చక్కెర తూచబోయి ఉప్పు తూచాడు.

ఆమెకి ఇవేవీ తెలీవు. ఆమె చూపంతా గోడల మీదే.

నీలం. అన్నీ నీలం. దర్జీ ఇల్లు నీలం. పిల్లల బడి నీలం. లెక్కల మాస్టారి ప్రహరీ నీలం. మొన్న వేసింది ఎక్కువ నీలం, అటు మొన్నటిది కొంచెం తక్కువ. వీధి మొదట్నుంచి చివరిదాకా నడిస్తే తన కన్ను ఏ ఏడు ఎంత ముదిరిందో గోడల మీద వరసగా కనిపించింది.

పైన ఆకాశం. కింద ఆకాశం. మధ్యలో నోరు తెరుచుకుని పెయింటరమ్మ.

అందరూ తెలుపే అడిగారు. అందరికీ నీలమే దక్కింది. మరి ఒక్కరూ... ఒక్కరంటే ఒక్కరూ... నోరెత్తలేదేం?

ఇంటికొచ్చి కూర్చుంది. ఏది నిజం? కొత్త కన్ను చెప్పేదా? కొత్తది గనక నిజమా? ఇన్నాళ్ళూ పాత కన్ను చెప్పిందే నిజమనుకుంది, చెప్పినంతసేపూ. రేపు ఇంకో కన్నేదో వస్తే? ఇంకో అద్దం? ఇంకో రంగు?

ఒక కన్ను మూస్తే ఒక లోకం. రెండోది మూస్తే ఇంకో లోకం. రెండూ మూస్తే...

రెండూ మూసుకుంది. చీకటి. చీకట్లో తను ఉంది. రంగు లేకుండా, గోడ లేకుండా, కుదురుగా ఉంది.

“ఇదెవరమ్మా ఇక్కడ?” అనుకుంది. సమాధానం రాలేదు గానీ, ఎవరో ఉన్నారన్నది మాత్రం గట్టిగా తెలిసింది. అంతలో పాలు పొంగిన వాసన వేసింది. ఆ ఎవరో లేచి వంటింట్లోకి పరుగెత్తింది.

పాలు దించాక కూడా గుండెలో బరువు దిగలేదు. లోకం ఏ రంగులో ఉంటేనేం, అది దాని ఖర్మ. ఆయనకెలా చెప్పాలి? ఇద్దరిదీ ఒకటే చూపు. ఉన్న ఆస్తల్లా అదే. “నువ్వు చూసేది తెలుపు కాదయ్యా” అంటే ఆ చూపు రెండు ముక్కలవుతుంది. ఒక ముక్క ఆయనది, ఒక ముక్క తనది. ఆ తర్వాత గుమ్మంలో నిలబడి ఎవరితో అనాలి, తెలుపే అని?

చెప్పలేదు.

*

మాస్టారి ముందుగదికి రంగు వేసే పని నడుస్తోంది.

“చాలా?” అన్నాడు పెయింటరయ్య.

ఆమె గోరు ఎత్తింది. కొత్త కన్ను కెవ్వుమంది – చాలా ఏమిటి, ఎప్పుడో మించిపోయింది! పాత కన్ను తాపీగా అంది – ఇంకో చుక్క.

కొత్త కన్ను మూసుకుంది.

“ఇంకో చుక్క,” అంది.

అబద్ధమా అంటే అబద్ధం కాదు. ఉన్న కన్నుతో చూసి చెప్పింది. కానీ ఆ పూట అన్నం సయించలేదు.

ఆయన “తెలుపేగా?” అంటే కన్ను మూసి “తెలుపే” అంది. “కంట్లో ఏం పడిందే?” అన్నాడు. “దుమ్ము,” అంది. ఇలా కొన్నాళ్ళు. దుమ్ము కూడా ఎన్నాళ్ళని పడుతుంది?

ఒకరోజు ఆయన నిచ్చెన తేవడానికి వెళ్ళాడు. బకెట్లో వట్టి తెలుపుంది. ఇంకా చుక్క పడలేదు. పెయింటరమ్మ చేతికి బ్రష్ ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. గోడకి ఒక మూల, కిటికీ పక్కన, తలుపంత మేర వేసేసింది.

తెలుపు!

నర్సు కోటంత తెలుపు. నవ్వుతున్న తెలుపు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నిచ్చెన భుజం మీద పెట్టుకుని పెయింటరయ్య గుమ్మంలో ఆగిపోయాడు.

“ఇదేంటే? గోడకి పసుపు పూశావా?”

ఇక ఆగలేదు ఆమె. ఇల్లు, వీధి, బడి, ప్రహరీ – అన్నీ చెప్పేసింది. గుక్క తిప్పుకోకుండా చెప్పింది. “మనది తెలుపు కాదయ్యా. నీలం. ఎప్పుడో అయిపోయింది నీలం.”

ఆయన నిచ్చెన దించాడు. గోడ చూశాడు. ఆమెను చూశాడు.

“నావి రెండు కళ్ళు,” అన్నాడు. “నీ పాత కన్ను ఒకటి. మూడు కళ్ళు తెలుపంటున్నాయి. నీ కొత్త కన్ను ఒక్కటే కాదంటోంది. మూడు గొప్పా, ఒకటి గొప్పా?”

“రంగుకి ఓట్లేంటయ్యా!”

“మరి దేనికుంటాయి?”

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్న మనిషితో ఎవరు వాదించగలరు? అందులోనూ లెక్క ఆయన వైపే ఉంది.

మాస్టారిని పిలిచారు. లెక్కల మాస్టారు, పదవీ విరమణ చేసినాయన, అబద్ధమాడడని పేరు.

“మాస్టారూ, మేం ఇదివరకు వేసిన ఈ గోడ ఏ రంగు?” అన్నాడు పెయింటరయ్య.

“మీరేదంటే అదే,” అన్నారు మాస్టారు, పేపరు మడుస్తూ.

“మేమన్నది కాదండీ. మీకు కనిపించింది చెప్పండి.”

మాస్టారు గోడని చూశారు. పైకప్పుని చూశారు. తప్పించుకునే దారేమైనా ఉందేమోనని గుమ్మాన్ని కూడా చూశారు. గుమ్మంలో పెయింటరమ్మ నిలబడి ఉంది.

“నీలం,” అన్నారు, చిన్నగా.

“ఎప్పట్నుంచి?”

“ప్రహరీ వేసినప్పట్నుంచి. మీరిద్దరూ దాని ముందు నిలబడి ‘తెలుపంటే ఇదీ!’ అన్నారు. మీరు ఇద్దరు, నేను ఒక్కణ్ణి. పైగా మీరు పనివాళ్ళు. నా కళ్ళే తేడా చేశాయేమోనని డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాను. కళ్ళద్దాలు రాసిచ్చాడు. ఇవే అవి.”

“పెట్టుకున్నాక?”

“ఇంకా బాగా నీలంగా కనిపించింది.”

పెయింటరమ్మకి నవ్వాగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది.

“మరి ఈ మూల?” అంది, తను వేసిన తెలుపు చూపించి.

మాస్టారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. “ఏమనుకోకమ్మా... కాస్త మాసినట్టుంది. ఇన్నేళ్ళు చూసీ చూసీ, నాకిప్పుడు మీ నీలమే తెలుపు. వీధిలో ఎవర్నడిగినా ఇదే చెబుతారు.”

అయిపోయింది! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. నిజమైన తెలుపు చూసే కన్ను ఆ వీధి మొత్తానికి ఒక్కటే, అదీ ఆమె ఎడమ కన్ను. అది ఎవరికీ అక్కర్లేదు.

*

పెయింటరయ్య బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

ఆయన మాట్లాడకపోతే ఆమెకి ఇల్లంతా బోసిపోయినట్టుంటుంది – అది మాస్టారి ఇల్లే అయినా సరే.

“నా కుడి కన్నుతో పాటు నువ్వూ చేయించుకో,” అంది మెల్లగా. “నొప్పుండదు.”

“నొప్పి కాదే.”

“మరేంటి?”

ఆయన చేతులకున్న రంగు గీక్కుంటూ కూర్చున్నాడు. ఆ రంగు ఏ రంగో ఇక ఆయన అనలేడు.

“గోడలు పోతే పోనీ. మళ్ళీ వేసుకోవచ్చు,” అన్నాడు చివరికి. “నిన్ను కూడా ఈ కళ్ళతోనేగా చూశాను? ఈ పొరలు తీసేస్తే అందులో ఉన్న నువ్వు ఎక్కడికి పోతావు? కట్టు విప్పాక ఎవరో కొత్త ముసలావిడ ఎదురుగా నిలబడితే... నేనేమని పలకరించను?”

ఆమె బకెట్ పక్కనే చతికిలబడింది. ఏం చెప్పాలి? భయపడకు అనాలా? తనకి మాత్రం లేదా ఆ భయం?

“నేను చూశానుగా నిన్ను, కొత్త కన్నుతో,” అంది.

ఆయన తలెత్తాడు. “ఎలా ఉన్నాను?”

“బానే ఉన్నావు.”

“నిజం చెప్పు.”

“మీసం ఒక్కటే... వంకాయరంగులో ఉంది.”

ఎగిరి లేచాడు పెయింటరయ్య. బకెట్ దొర్లింది. మాస్టారి అద్దం ముందుకి పరుగెత్తాడు. ఎడంగా చూశాడు, దగ్గరగా చూశాడు, మీసం పట్టుకుని లాగి చూశాడు.

“నల్లగా నిగనిగలాడుతోంది కదే!”

“నీ కంటికి.”

“ఎప్పట్నుంచి ఇలా ఉంది?”

“నన్నడుగుతావేం? మాస్టారినడుగు.”

మాస్టారు పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పేపరు కదులుతోంది. నవ్వుతున్నట్టే ఉన్నారు.

నిజం కోసం ఎవరైనా ఆసుపత్రికి వెళ్తారో లేదో చెప్పలేం. మీసం కోసం మాత్రం వెళ్తారు. ఆ వారంలోనే పెయింటరయ్య పేరు రాయించుకున్నాడు.

*

కట్టు విప్పే రోజు.

పెయింటరమ్మ పొద్దున్నే తయారైంది. నచ్చిన చీర కట్టుకుంది. అద్దంలో చూసుకుంది – కుడి కన్నుతో ఒకసారి, ఎడమ కన్నుతో ఒకసారి. ఎడమ కన్నుతో చూసుకున్నది మాత్రం ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టుకుంది.

కిటికీలోంచి ఎండ. బయట చెట్టు మీద ఆకుల గలగలలు. ఆయన మంచం అంచున చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నాడు. కట్టు కింద మీసం. మీసానికి ఈసారి రంగు వెయ్యలేదు. తెల్లగా ఉంది – ఇద్దరూ ఒప్పుకోవాల్సినంత తెల్లగా.

ఆమె మనసులో ఒకటే లెక్క. ఆయనకీ అదే డాక్టరమ్మ. అదే అద్దం. ఇక ఆయన చూసేదీ తను చూసేదీ మళ్ళీ ఒకటవుతాయి. పగిలిన చూపు అతుక్కుంటుంది. గుమ్మంలో నిలబడి మళ్ళీ ఒక్క మాట అనుకోవచ్చు. దేవుడా, అది చాలు... అది చాలు...

నర్సు కట్టు విప్పింది.

ఆయన కన్ను తెరిచాడు. చికిలించాడు. మళ్ళీ తెరిచాడు.

గోడ చూశాడు. కిటికీ చూశాడు. ఆకులు చూశాడు. నర్సుని చూశాడు. ఆమె కోటుని కూడా చూశాడు గానీ, పాపం, వేలు పెట్టలేదు.

తర్వాత తలతిప్పాడు.

పెయింటరమ్మ కొంగు సర్దుకుంది, మళ్ళీ సర్దుకుంది. పెళ్ళిచూపులప్పుడు కూడా అన్నిసార్లు సర్దుకోలేదు. అప్పుడు పోతే పోనీ, ఇంకో సంబంధం. ఇప్పుడలా కాదు.

ఆయన చూస్తున్నాడు... చూస్తూనే ఉన్నాడు...

“ఎలా ఉన్నాను?” అంది.

“ఉన్నావు,” అన్నాడు ఆయన.

అంతే అన్నాడు. అని, తేలిగ్గా ఊపిరి వదిలాడు. ఆమె కూడా వదిలింది. నర్సు ఎందుకో కిటికీ వైపు తిరిగింది.

తర్వాత ఆయన భృకుటి ముడిపడింది. పనివాడి ముడి అది. రంగు ముందు నిలబడితేనే పడేది.

“అవునూ, ఈ ఆకుపచ్చ చీర ఎప్పుడు కొన్నావే?”

“ఆకుపచ్చేంటి? ఇది నీలం!”

“ఆకుపచ్చ.”

ఆమె కుడి కన్ను మూసుకుని, కొత్త కన్నుతో చీర చూసుకుంది. నీలం. నెమలి మెడ మీద ఉండే నీలం. అందులో ఎక్కడో ఓ మూల ఆకుపచ్చ ఉంటే ఉండొచ్చు గాక, అసలు రంగు నీలమే.

“సరిగ్గా చూడు. నీలం.”

“సరిగ్గానే చూస్తున్నా,” అని ఆయనా పాత కన్ను మూసుకున్నాడు. “ఆకుపచ్చ!”

ఆమె గుండె జారిపోవాలి. ఆమె భయపడిందంతా జరిగిపోయింది – ఒకే అద్దం, ఒకే గది, ఒకే ఎండ, అయినా రెండు రంగులు. జారిపోవాలి కదా? జారలేదు. పైకి లేచింది. గాలిపటంలా లేచింది.

ఇన్నేళ్ళలో “తెలుపే” అంటే “తెలుపే” అన్నాడు. గోడకి చెప్పినా అదే తిరిగొస్తుంది, బావికి చెప్పినా అదే తిరిగొస్తుంది. ఆ మాట వెనక నిజంగా ఇంకో మనిషి కూర్చుని, తన కళ్ళతో తను చూస్తున్నాడా లేదా అని ఆమెకి ఒక్కోసారి అనుమానం వచ్చేది. వస్తే మింగేసేది. పక్కన పడుకుని గురకపెట్టే మనిషి ఉన్నాడా అని ఎవరినడుగుతుంది?

ఇప్పుడు ఆయన మంచం మీద కూర్చుని, కొత్త కన్ను ఇంతచేసి, తెల్ల మీసం అదురుతుండగా, ప్రాణం పోయినా ఒప్పుకోనన్నట్టు ఆమె వంక చూస్తున్నాడు.

నర్సు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “అసలు అదీ–” అని ఏదో చెప్పబోయింది.

“నువ్వాగమ్మా,” అంది పెయింటరమ్మ.

చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. ఆయన పక్కన, మంచం అంచున, ఆనుకుని కూర్చుంది. ఎండ ఇద్దరి మోకాళ్ళ మీదా పడుతోంది. కొంగు తీసి ఆయన ఒళ్ళో పరిచింది.

“నీలం,” అంది మళ్ళీ, ఆయన కాదంటాడని.